షుతుర్‌ముర్గ్ ఒంటెకు పుట్టిందా?

మన ఇళ్లలో ఉష్ట్రపక్షిని షుతుర్‌ముర్గ్ అంటాం. షుతుర్ అంటే ఒంటె, ముర్గ్ అంటే పక్షి. అయినా అది ఒంటెకూ పక్షికీ పుట్టిందని ఎవరూ అనుకోరు. సుమారు పన్నెండు వందల ఏళ్ల క్రితం ఈ చిన్న మాటతోనే పెద్ద అపోహను ఖండించిన పండితుడు జాహిజ్.

అసలు పేరు అబూ ఉస్మాన్ అమ్ర్ ఇబ్న్ బహ్ర్. హిజ్రీ 160 (క్రీ.శ. 776) ప్రాంతంలో బస్రాలో పేద కుటుంబంలో జన్మించారు. కళ్లు ఉబికి ఉండటం వల్ల జాహిజ్ అనే పేరు స్థిరపడింది. కాలువ గట్టున చేపలమ్మేవారనీ, పుస్తకాల దుకాణాలను రాత్రికి అద్దెకు తీసుకుని తెల్లవార్లూ చదివేవారనీ చెబుతారు. ఖలీఫా మామూన్ కాలంలో ఆయన రచనలకు బగ్దాదులో ఆదరణ లభించింది.

ఆయన గ్రంథాల్లో పెద్దది ఏడు సంపుటాల ‘కితాబుల్ హయవాన్’. అందులో జంతువులను నడిచేవి, ఎగిరేవి, ఈదేవి, పాకేవి అని విభజించారు. అయితే ఎగిరేదల్లా పక్షి కాదని తానే హెచ్చరించారు. అరిస్టాటిల్ చెప్పినదైనా రుజువు లేకపోతే ప్రశ్నించేవారు.

ఇక జిరాఫీ సంగతి. ఫార్సీలో దాని పేరులో ఒంటె, ఆవు, చిరుత మూడూ ఉన్నాయి. అందుచేత అది ఒంటె, దుమ్ములగొండి, అడవి ఆవుల కలయికతో పుట్టిందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. జాహిజ్ ఒప్పుకోలేదు. పేరు పోలికను చెబుతుందే గాని పుట్టుకను చెప్పదంటూ షుతుర్‌ముర్గ్‌ను ఉదాహరణగా చూపారు.

ఎముకలు లెక్కపెడితే ఆయన మాట ఎంత సరైనదో తెలుస్తుంది. జిరాఫీ మెడలో ఉన్నవి 7 ఎముకలే. ఒంటెకూ, ఎలుకకూ, మనిషికీ అంతే. కొద్ది జాతులు తప్ప పాలిచ్చే జంతువులన్నిటికీ ఇదే లెక్క. తల్లి గర్భంలో పిండం రూపుదిద్దుకునేటప్పుడే ఈ సంఖ్య ఖాయమవుతుంది. ఆ తర్వాత జిరాఫీలో ఒక్కొక్క ఎముకే పొడవుగా పెరుగుతుంది. మెడ చూసి ఒంటెతో పోల్చిన షుతుర్‌ముర్గ్‌కు మాత్రం అక్కడ 14 కంటే ఎక్కువ ఎముకలున్నాయి! జిరాఫీకి నిజమైన దగ్గరి చుట్టం కాంగో అడవుల్లోని పొట్టి మెడ ఒకాపి. అది శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1901లోనే.

డార్విన్ కంటే వెయ్యేళ్ల ముందే జాహిజ్ పరిణామ సిద్ధాంతం చెప్పారని మనవాళ్లు కొందరు గర్వంగా రాస్తుంటారు. మేము దీనితో ఏకీభవించలేం. ఒక జీవి మరొక జీవిని తిని బతకడం గురించీ, నేలను బట్టి ప్రాణుల రంగు మారడం గురించీ ఆయన రాసిన మాట వాస్తవం. కాని చిన్న చిన్న తేడాలు తరతరాలుగా ఎంపికై కొత్త జాతులు ఎలా ఏర్పడతాయో ఆయన వివరించలేదు. కొన్ని ప్రాణులు కుళ్లిన వాటినుంచి వాటంతట అవే పుడతాయని ఆ కాలపువారిలాగే ఆయనా నమ్మారు. పోలిక చూసి డార్విన్‌కు తాతను చేయడమంటే, జిరాఫీకి ఒంటెను తల్లిని చేసినట్లే.

చివరి సంవత్సరాల్లో పక్షవాతం వచ్చి బస్రాకు తిరిగి వెళ్లారు. అప్పటికీ రాయడం మానలేదు. హిజ్రీ 255లో, తొంభై దాటిన వయసులో అక్కడే కన్నుమూశారు.