విల్బర్‌ఫోర్సు – తగ్గిన నాలుగు ఓట్లు

విలియం విల్బర్‌ఫోర్సు 1759లో ఇంగ్లాండులోని హల్ పట్టణమున జన్మించెను. 21వ యేట పార్లమెంటు సభ్యుడాయెను. 1785లో మారుమనస్సు పొంది, రాజకీయములు మానవలెనా అని కలతచెందెను. ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తరువాత బోధకుడైన జాన్ న్యూటన్, ఆ స్థానముననే ఉండి దేవుని సేవింపుమని ఆయనకు హితవు చెప్పెను.

1789 మొదలు ఆయన బానిస వ్యాపారమును మాన్పించుటకు సభలో పోరాడెను. ఆ కాలమున ఏ బిల్లయినను చట్టము కావలెనన్న కామన్సు సభలోను ప్రభువుల సభలోను నెగ్గి, రాజు సమ్మతి పొందవలసియుండెను. 1791లో ఆయనకు వచ్చినవి 88 ఓట్లే, ఎదుటిపక్షమునకు 163. 1792లో ఓటుహక్కు లేని సామాన్యులు సైతము వందలాది అర్జీలపై సంతకములు చేసి పంపిరి. 1796లో బిల్లు కేవలము 4 ఓట్లు తక్కువై ఓడిపోయెను. ఆయన పక్షమువారే కొందరు సభకు రాక నాటకశాలకు పోయిరి! మరి 11 సంవత్సరములు ఇంగ్లీషు ఓడలు బానిసలను మోయుచునే యుండెను.

1807లో 283 ఓట్లతో బిల్లు నెగ్గెను. ఎదురు ఓట్లు 16. 1833 జూలైలో, బానిసత్వమునే రద్దుచేయు బిల్లు నెగ్గుట ఖాయమని విని, మూడు దినములకు ఆయన నిద్రించెను.

ప్రియులారా, అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడువక వేడుకొనిన విధవరాలిని ప్రభువు మనకు మాదిరిగా చూపెను. విసుగక ప్రార్థించుడి. అయితే ఓటు దినమునను, గ్రామసభ దినమునను ఇంట కూర్చుండకుడి. మీరు రానిచో బీదవాని పక్షమున ఒకటి తగ్గును.