టైపుల పెద్దాయన కార్ల్ యూంగ్

మా అబ్బాయి కాలేజీలో రెండో ఏడు చదువుతుండగా వాళ్ళ క్లాసులో అందరికీ పర్సనాలిటీ టెస్టు పెట్టారు. వాడికి నాలుగు ఇంగ్లీషు అక్షరాల ఫలితం వచ్చింది. మొదటి అక్షరం ఐ, అంటే అంతర్ముఖుడు. మా ఇంట్లో అదొక ఊరట అయింది. ఫోను తియ్యకపోతే వాడి టైపే అంత అనుకున్నాం. సెలవులకొచ్చి గది తలుపేసుకుంటే వాడి టైపే అంత అనుకున్నాం. తిండి తగ్గిందనీ రాత్రిళ్ళు నిద్ర లేదనీ తెలిశాక కూడా కొన్నాళ్ళు అలాగే సరిపెట్టుకున్నాం. అది డిప్రెషన్ అని డాక్టరు చెప్పేసరికి దాదాపు ఏడాది గడిచిపోయింది. ఇప్పుడు కోలుకున్నాడు. ఈ సంగతి సావనీరుకి రాస్తానంటే రాయమని వాడే అన్నాడు. ఈ టైపుల గొడవ ఎక్కడ మొదలైందో చూద్దామని అప్పట్లో కార్ల్ యూంగ్ జీవితం చదవడం మొదలుపెట్టాను.

యూంగ్ 1875 జూలై 26న స్విట్జర్లాండులో, కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున కెస్‌విల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. తల్లి మనసు స్థిమితం లేని మనిషి. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు ఆవిడ కొన్ని నెలలపాటు బాసెల్ ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. పన్నెండో ఏట తోటి పిల్లవాడెవరో తోస్తే యూంగ్ పడి, తలకు రాయి కొట్టుకుంది. ఆ తర్వాత బడి అన్నా చదువన్నా స్పృహ తప్పేది. ఆరు నెలలకు పైగా బడి మానేశాడు. వీడు రేపు తన పొట్ట తాను పోసుకోగలడా అని తండ్రి ఎవరితోనో దిగులు పడుతుంటే చాటునుంచి విన్నాడట. వెంటనే వెళ్ళి లాటిన్ వ్యాకరణం తీశాడు. రెండు మూడుసార్లు పడిపోయినా పుస్తకం వదల్లేదు. కొన్ని వారాలకు మళ్ళీ బడికి వెళ్ళాడు. ఇది చదివి మన పిల్లల్ని లేచి చదువుకోమని గదమాయించేరు సుమా! ఆ పని నేను చేసి చూశాను, అందుకే చెబుతున్నాను.

వైద్యం చదివి 1900లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్లి మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడ ఆయన చేసినదీ ఒక టెస్టే. రోగి ఎదురుగా కూర్చుని వంద మాటలు ఒక్కొక్కటే చెప్పేవాడు. వినగానే తోచిన మాట రోగి చెప్పాలి. ఎంతసేపు పట్టిందో గడియారంతో కొలిచేవాడు. ఏ మాట దగ్గర రోగి తడబడ్డాడో అక్కణ్ణుంచి సంభాషణ మొదలయ్యేది. అంటే ఆ టెస్టు తలుపు తట్టడానికే. మేం మాత్రం మా వాడి ఫలితంతో తలుపు మూసేశాం. 1909లో ఫ్రాయిడ్‌తో కలిసి అమెరికా వచ్చి, మసాచుసెట్స్‌లోని క్లార్క్ యూనివర్సిటీలో ఈ పద్ధతి మీదే ఉపన్యాసాలిచ్చాడు.

1913లో ఫ్రాయిడ్‌తో తెగిపోయింది. ఆ అక్టోబరులో రైల్లో వెళుతుంటే యూరపంతా వరదలో మునిగి, ఆ నీళ్ళు రక్తంగా మారినట్టు కళ్ళ ముందు కనబడింది. తనకే పిచ్చెక్కుతోందేమోనని ఆ మానసిక వైద్యుడు భయపడ్డాడు. యూనివర్సిటీలో పాఠాలు మానేశాడు. రోగుల్ని చూడడం మాత్రం మానలేదు. భార్య ఎమ్మా, ఐదుగురు పిల్లలు, మధ్యమధ్య సైన్యంలో డాక్టరు ఉద్యోగం. ఇల్లూ, పనీ తనను నేల మీద నిలబెట్టాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అప్పటి కలల్ని, దర్శనాల్ని బొమ్మలతో సహా ఎక్కించిన రెడ్ బుక్ 2009 దాకా అచ్చు కాలేదు. ఆ దశకు ఏ పేరు పెట్టాలో పండితులకే ఏకాభిప్రాయం లేదు. ఆయన అంతర్ముఖుడే, నిజం. కానీ ఆ ఒక్క మాట చెబితే ఆ ఏళ్ళ గురించి మనకేం తెలుస్తుంది?

టైపుల మీద పుస్తకం 1921లో వచ్చింది. అంతర్ముఖం, బహిర్ముఖం అన్న రెండు ధోరణుల్ని ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, అంతర్‌జ్ఞానం అన్న నాలుగింటితో కలిపి ఎనిమిది టైపులు చెప్పాడు. ఆ పుస్తకంలో ప్రశ్నాపత్రం లేదు. మనుషులకు చీటీలు అంటించడానికి తన సిద్ధాంతాన్ని వాడడం ఆయనకు నచ్చేది కాదు. 1923 నాటి ఇంగ్లీషు అనువాదం చదివి అమెరికాలో కేథరీన్ బ్రిగ్స్ ముచ్చటపడింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ కూతురు ఇసబెల్ మైయర్స్ ప్రశ్నాపత్రం తయారుచేసింది. తల్లీకూతుళ్ళిద్దరూ మనస్తత్వశాస్త్రం పట్టాలున్నవాళ్ళు కారు. ఎనిమిది పదహారయ్యాయి. యూంగ్ 1961 జూన్ 6న కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడు పెద్ద పరీక్షల సంస్థ ఒకటి ఆ టెస్టును అచ్చువేసింది.

ఆ నాలుగు అక్షరాల్లో ఆందోళన, దిగులు పడే స్వభావాన్ని కొలిచే అక్షరమే లేదు. డిప్రెషన్‌తో గట్టి సంబంధం ఉందని పరిశోధకులు చెప్పేది ఆ స్వభావానికే. అది కూడా పదిమందిలో ఎవరికి అవకాశం ఎక్కువో చెబుతుందిగాని, ఫలానావాడికి జబ్బు ఉందనో లేదనో చెప్పదు. కొన్ని వారాల తర్వాత అదే టెస్టు మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. పైగా కుంగిపోయి ఉన్నవాడు జవాబులిస్తే అందులో స్వభావమెంతో, జబ్బెంతో విడదీయడం కష్టం. మా వాడు ఆ టెస్టు రాసినప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో మేం అడగనైనా అడగలేదు. పార్టీలంటే ఇష్టమా అని అందులో ఉందిట. నిద్ర పడుతోందా అన్న ప్రశ్న లేదు.

ఇప్పుడు ఫోను తియ్యకపోతే రెండోసారి చేస్తున్నాం. విసుక్కుంటాడు. వాళ్ళమ్మ ముందు ఏం తిన్నావంటుంది, తర్వాత నిద్ర సంగతి అడుగుతుంది.