శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్: రెండేండ్ల చదువు

నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టదలచిన విద్యార్థినులు మన ప్రాంతమున ఏటేటా కనిపించుచున్నారు. వంశధార సముద్రములో కలియు ఈ కళింగపట్నపు తీరమున, ఒకప్పటి ఓడరేవు కళ తగ్గిన పిదప, ఉద్యోగమనగానే ఇంటివారు దూరపు పట్టణముల వైపే చూడవలసి వచ్చినది. ఆడపిల్లను ధైర్యముగా పంపదగిన ఉద్యోగములలో నర్సు ఉద్యోగమొకటి. అయితే ఆ కోరిక అందరికీ సకాలములో కలుగదు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదువనివారు కొందరు, బి.ఏ. ముగిసిన తరువాత బుద్ధి అటు మళ్లినవారు కొందరు, పెండ్లియై చదువు మానుకొన్నవారు కొందరు. వీరందరి ప్రశ్న ఒక్కటే: పోయిన కాలమును కొంతయినా తిరిగి సంపాదించు దారి ఉన్నదా?

అమెరికా దేశమున ఇతర విషయములలో పట్టము పొందినవారికి ఏడాది నుంచి ఏడాదిన్నరలో నర్సింగు పట్టమిచ్చు త్వరిత శిక్షణలున్నవి. వాటిలో సీట్లు స్వల్పము, పోటీ అధికము. శరీరనిర్మాణము, శరీరధర్మము, సూక్ష్మజీవశాస్త్రము, గణాంకశాస్త్రము ముందే చదివి యుండవలెను. తానెందుకు ఈ వృత్తిని కోరుచున్నదో అభ్యర్థిని స్వయముగా వ్రాసి పంపవలెను. మన దేశమున బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేండ్లు. జనరల్ నర్సింగు డిప్లొమా ముగించినవారికి మాత్రము రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. కలదు. ఇంకొక విషయములో పట్టభద్రురాలైన స్త్రీ మరల మొదటి మెట్టు నుంచి ఎక్కవలసినదే.

ఇది చూచి త్వరిత విద్య అనునది పరదేశపు వస్తువని విద్యార్థినులు తలంచుట సహజము. కాని ఆలస్యముగా చదువునకు వచ్చిన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు సిద్ధపరచి నర్సు శిక్షణ గుమ్మము వద్దకు చేర్చు పథకము 1958లోనే మన దేశమున మొదలైనది. దాని వెనుక నిలిచినది ఒక తెలుగు మహిళ. ఆమె జీవితమును ఈ సంచికలో మా పాఠకుల ముందుంచుచున్నాము.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించినారు. పెరిగినది కాకినాడలో. తండ్రి రామారావు గారు సంఘసేవాపరులు. కలరా, ప్లేగు వ్యాపించిన దినములలో రోగుల మధ్య తిరిగి సేవ చేసినవారు. రోగి వద్దకు పోవుటకు భయపడని గుణము ఆ ఇంట ముందే ఉన్నదన్నమాట. ఎనిమిదవ ఏట ఆమెకు వివాహము చేసినారు. యుక్తవయస్సు వచ్చిన పిదప ఆ సంసారమును ఆమె అంగీకరింపలేదు. తండ్రి, సోదరుడు ఆమె పక్షమున నిలిచినారు. ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు. ఆంగ్ల మాధ్యమమును బలవంతముగా రుద్దుట సహింపక బడి మానినారు. తాను హిందీ నేర్చి, కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడపినారు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చిన సందర్భము మన పాఠకులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేండ్లు. దేవదాసీలు, బురఖా ధరించు ముస్లిం స్త్రీలు సామాన్య సభకు రాలేరు గనుక వారి కొరకు వేరుగా ఒక సభ జరుగవలెనని ఆ బాలిక పట్టుపట్టినది. అయిదు వేల రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషములు ఇప్పింతుమని నిర్వాహకులు చెప్పినారు. ఆ రోజులలో అది ఎంత సొమ్మో ఊహింపవచ్చును. దేవదాసీ స్త్రీలే పూనుకొని సొమ్ము కూర్చినారు. సభ జరిగినది, గాంధీజీ నిర్ణయించిన నిమిషములు దాటి మాటలాడినారు, హిందీ ప్రసంగమును దుర్గాబాయి తెలుగులోనికి మార్చి చెప్పినది. స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి ఇచ్చినారు. సభకు రాలేని వారి వద్దకు సభయే పోవలెనన్న ఆలోచన పన్నెండేండ్ల పిల్లకు కలుగుట మాకు ఆమె తరువాతి జీవితమంతటికీ తాళపుచెవి వలె కనిపించుచున్నది.

రెండేండ్ల తరువాత కాకినాడ కాంగ్రెసు మహాసభలో వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేనిదే ఖాదీ ప్రదర్శనశాలలోనికి పోనీయనని నెహ్రూ గారిని ఆపిన కథ చాలమందికి తెలిసినదే. దానిని విస్తరింపనక్కర లేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున మద్రాసులో పాల్గొని కారాగారమునకు పోయినారు. 1933 వరకు పలుమార్లు శిక్షలు. వెల్లూరు, మధుర జైళ్లు. మధురలో ఏకాంత నిర్బంధము. పక్క గదులలో హత్యానేరమునకు శిక్షపడిన స్త్రీలు. ఆమె ఆరోగ్యము దెబ్బతిన్నది. అయితే అక్కడి స్త్రీలలో అనేకులు చదువు లేకపోవుటచేత, తమ పక్షమున మాటలాడువారు లేకపోవుటచేత ఆ గతికి వచ్చినారని ఆమె గ్రహించినారు. బయటకు వచ్చిన తరువాత రాజకీయములను పక్కన పెట్టి చదువునకు కూర్చున్నారు. ఇరువది నాలుగైదేండ్ల వయస్సున, బడి మానిన పన్నెండేండ్లకు పైగా గడచిన పిదప, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులైనారు. తరువాత ఇంటర్మీడియట్. త్వరిత విద్యకు మొదటి విద్యార్థిని ఆమెయే అనిన తప్పు లేదు.

బి.ఏ.లో రాజనీతిశాస్త్రము చదువవలెనని ఆమె కోరిక. కాశీలో ఆ విషయము స్త్రీలకు ఇయ్యరైరి. అందుచేత వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ప్రవేశము కోరినారు. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యాభిమానులే; కాని స్త్రీలకు వసతిగృహము లేదని వెనుకాడినారు. ఈ కారణము కొత్తది కాదు, నేటికీ పాతబడలేదు. సీటు ఇయ్యమని ఎవరూ అనరు. ఉండుటకు చోటు లేదందురు. దుర్గాబాయి వాదమునకు దిగలేదు. వసతి లేక విశ్వవిద్యాలయమునకు రాలేకపోయిన స్త్రీలెవరైన ఉన్నచో తమకు తెలియజేయవలెనని పత్రికలో ప్రకటన ఇచ్చినారు. పదిమంది వరకు బదులు వ్రాసినారు. వారితో కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసికొని తామే వసతిగృహము నడపినారు. ప్రవేశము దొరకినది. బి.ఏ. ఆనర్సు ముగించి, పిదప మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1942లో ఆ పట్టము పొంది న్యాయవాదిగా పనిచేసినారు.

ఆ కాలమున మన కళింగపట్నపు బాలిక ఉన్నత విద్యకు పోవలెనన్న, ఆమదాలవలస స్టేషనులో రైలెక్కి నూరు కిలోమీటర్లకు పైబడి వాల్తేరు చేరవలెను. చేరిన తరువాత తల దాచుకొను చోటు లేనిచో ప్రవేశపత్రమెందులకు?

మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ చిన్న పనితో మొదలైనది. మైలాపూరులోని తెలుగు బాలికలకు, తాను వ్రాసిన కాశీ మెట్రిక్ పరీక్షకే, పాఠములు చెప్పుట. తాను నడచిన దారి ఇతరులకు చూపినారు. పిదప ఆ సభ పాఠశాలలు, చేతిపనుల శిక్షణ, ప్రసూతి వైద్యము, నర్సు శిక్షణ వరకు విస్తరించి హైదరాబాదునకు కూడ వ్యాపించినది. విద్యానగరులోని ఆసుపత్రి నేడు ఆమె పేరుతోనే ఉన్నది.

1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు సభ్యురాలైనారు. అక్కడ జాతీయభాషగా హిందుస్తానీ ఉండవలెనని ఆమె పక్షము వహించినారు. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ సంగతి తెలియవలెనని ఇక్కడ చెప్పుచున్నాము.

ఆ 1946లోనే వెలువడిన భోర్ కమిటీ నివేదిక దేశపు నర్సుల సంఖ్యను బయటపెట్టినది. బ్రిటిషు ఇండియా మొత్తమునకు ఏడు వేల మంది. అనగా 43,000 మంది జనమునకు ఒక్క నర్సు. డాక్టరు 6,300 మందికి ఒకరు. డాక్టర్ల కంటె నర్సులు ఎన్నో రెట్లు తక్కువగా ఉన్న దేశములో ఆసుపత్రి ఎట్లు నడచునో చెప్పనక్కర లేదు. పంచవర్ష ప్రణాళికలు వచ్చినవి; గ్రామమునకు గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలసి వచ్చినారు. పనికి స్త్రీలున్నారు, పని ఉన్నది; మధ్యన పరీక్ష ఉత్తీర్ణత లేదు. నాలుగో తరగతిలోనో అయిదో తరగతిలోనో చదువు ఆగిన వితంతువును, భర్త విడిచిన స్త్రీని ఏ శిక్షణాలయమును చేర్చుకొనదు. బడిలో చిన్నపిల్లల పక్కన ఆమెను కూర్చుండబెట్టలేము.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి గారు (ఆ సంవత్సరమే ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినారు) ఈ చిక్కునకు 1958లో దారి చూపినారు. వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము. స్వచ్ఛంద సంస్థలకు మండలి గ్రాంటు ఇచ్చును. చిన్న బృందములుగా స్త్రీలను చేర్చుకొని, రెండేండ్లలో మిడిల్ లేక మెట్రిక్ పరీక్షకు తయారుచేయవలెను. పరీక్ష మాత్రము అందరికీ పెట్టునదే. తగ్గించినది కాలమును గాని ప్రమాణమును గాదు. పథకములోని ప్రాణము ఇదేనని మా అభిప్రాయము. వయస్సు వచ్చిన స్త్రీకి లోకానుభవము కలదు; చిన్నపిల్లకు ఏడాది చెప్పవలసినది ఆమెకు కొద్ది నెలలలో చెప్పవచ్చును. అయినను రెండేండ్లలో గణితము, ఆంగ్లము వంటబట్టుట సులభము కాదు. చేరినవారందరు గట్టెక్కినారని మేము అనము. ఇంటి పని, బిడ్డల జబ్బులు, బంధువుల మాటలు పాఠ్యపుస్తకము కంటె బరువైనవి.

త్వరిత శిక్షణతో నర్సైనవారు చరిత్రలో చిన్నవారు కారు. గ్రీకు, లాటిన్, గణితము చదివిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ప్రవేశమునకై తన జీవితవృత్తాంతమును వ్రాసి ఇచ్చి, అక్కడ సుమారు మూడు నెలలే శిక్షణ పొందినారు. ఇస్లాం చరిత్రలో మదీనాలో గుడారము వేసి గాయపడినవారికి సేవ చేసిన రుఫైదా పేరు ఉర్దూ చదువరులకు తెలిసినదే. త్వరిత శిక్షణకు దరఖాస్తు వ్రాయు విద్యార్థిని ఈ విషయము గమనింపవలెను: నైటింగేల్ వలె, దుర్గాబాయి వలె, తాను అంతకుముందు చేసినదేమో చూపగలిగినప్పుడే తక్కువ కాలము అడుగుటకు హక్కు కలుగును. ఇంట ముసలి తాతకు సేవ చేసిన అనుభవము, ఆరోగ్య కార్యకర్త వెంట తిరిగిన దినములు, చదివిన శాస్త్రములు తేటగా వ్రాయవలెను. అలంకారములు అక్కరలేదు.

1958లోనే ఆమె అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ సంఘము ఏర్పడి మరుసటి సంవత్సరము నివేదిక సమర్పించినది. 1975లో పద్మవిభూషణ్ బిరుదము లభించినది. 1981 మే 9న ఆమె పరమపదించినారు. వసతి లేదని వెనుకాడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమున స్త్రీల అధ్యయన కేంద్రమునకు నేడు ఆమె పేరున్నది.

కళాశాల కమిటీ వారికి మా విన్నపమొకటి. నర్సింగు ప్రవేశమునకు జీవశాస్త్రము కావలసి, చదువుకొనే వీలు లేక ఆగిపోయిన విద్యార్థినులు మన ప్రాంతమున ఎందరున్నారో ఇంతవరకు ఎవరూ లెక్కించలేదు. వేసవి తరగతుల మాట తరువాత. ముందు దుర్గాబాయి గారు వాల్తేరులో చేసినట్లు ఒక ప్రకటన, ఉర్దూలోను తెలుగులోను, కళాశాల గోడ మీద, కళింగపట్నము దర్గా వద్ద, బస్సు స్టాండులో అంటించవలెను. పేర్లు వ్రాసికొనుటకు మేము సిద్ధముగా ఉన్నాము.