మంచులో పరుగెత్తిన పంతులమ్మ

పుష్యమాసం. తెల్లవారుజాము అయిదు గంటలు. ఉప్పల్ చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం దాకా వెళ్లి చూడండి. మంకీక్యాపులు, మఫ్లర్లు చుట్టుకున్న మగవాళ్లు చేతులూపుకుంటూ నడుస్తుంటారు. ఒకరిద్దరు కుర్రాళ్లు పరుగెడుతుంటారు. మరి ఆడవాళ్లో? వాళ్లూ లేచే ఉంటారు. వాకిలి ఊడ్చి, చన్నీళ్లు చల్లి, వణికే వేళ్లతోనే ముగ్గు పెడుతుంటారు. అంత చలిలో కళ్లాపి చల్లే మనిషిని ఓ అరగంట అలా పరుగెత్తి రమ్మంటే మాత్రం, అమ్మో ఈ చలిలోనా అని గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది.

నిజం చెప్పుకోవాలంటే మనల్ని ఆపేది చలి ఒక్కటే కాదు. చీకటి, వీధికుక్కలు, ఎదురింటివాళ్ల చూపులు, ఏడింటికల్లా సర్దాల్సిన టిఫిన్ బాక్సులు... ఇన్ని ఉన్నాయి. చలి పేరు చెప్పడం వాటన్నిటి కన్నా తేలిక, అంతే!

మన దగ్గర చలి ఎంత ముదిరినా నీళ్లు గడ్డకట్టవు. నీళ్లు గడ్డకట్టి, రోడ్ల మీద మంచు పేరుకుని, డిసెంబరులో పొద్దున తొమ్మిదింటి దాకా సూర్యుడి మొహమే కనిపించని ఊరు ఒకటుంది. అదే నార్వే రాజధాని ఓస్లో. ఆ ఊళ్లో బడికి వెళ్లేముందు చీకట్లోనే పరుగు ముగించుకున్న ఓ టీచరమ్మ ఉండేది. పేరు గ్రేటె వైట్స్.

అన్నలతో పోటీ

గ్రేటె 1953 అక్టోబర్ 1న ఓస్లోలో పుట్టింది. పుట్టింటి పేరు ఆండర్సన్. ఇద్దరు అన్నల మధ్య పెరిగిన పిల్ల కావడంతో ఆటల్లో వాళ్లకి తీసిపోకూడదన్న పట్టుదల చిన్నప్పుడే వచ్చింది. పొరుగునే టెర్యె పెడెర్సెన్ అనే జావెలిన్ క్రీడాకారుడు ఉండేవాడు. 1964లో ఈటెను తొలిసారి 90 మీటర్లు దాటించి ప్రపంచ రికార్డు సృష్టించినవాడు. ఈ పిల్ల కాళ్లలో చురుకు గమనించి విడార్ క్లబ్బులో చేరమని ప్రోత్సహించింది ఆయనే.

ఆ రోజుల్లో ఆడవాళ్ల పరుగుకి అడుగడుగునా గీతలు గీసేవారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు అలసిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టడంతో ఆ పోటీనే ఎత్తేశారు. మళ్లీ పెట్టింది 1960లో! 1,500 మీటర్లు పరుగెత్తే అవకాశం 1972 మ్యూనిక్‌లో గానీ రాలేదు. ఆ మొదటి పోటీలో పద్దెనిమిదేళ్ల గ్రేటె కూడా ఉంది. ఫైనల్‌కి మాత్రం చేరలేదు.

1975లో 3,000 మీటర్ల ప్రపంచ రికార్డు ఆమె సొంతమైంది. మరుసటి ఏడాది దాన్నీ మెరుగుపరిచింది. ఏం లాభం? తనకి అచ్చొచ్చిన ఆ దూరం 1976 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి లేనే లేదు. తప్పక మళ్లీ 1,500కే దిగి, మళ్లీ ఫైనల్ ముందే ఆగిపోయింది.

తెల్లవారకముందే

అప్పటికే ఆమె బడిలో టీచరు. 1975లో జాక్ వైట్స్‌తో పెళ్లయింది. పరుగు పేరు చెప్పి ఉద్యోగం మానుకునే పరిస్థితి లేదు. అందుకే తెల్లవారుజామున ఒకసారి, బడి నుంచి వచ్చాక ఇంకోసారి పరుగెత్తేది. చలికాలంలో ఆ రెండు వేళలూ చీకటే. కాళ్ల కింద మంచు, ముక్కుపుటాలు మండించే గాలి. అయినా వారాల తరబడి, నెలల తరబడి ఆ వేళ తప్పలేదు. జాక్ ఆమెకి భర్తే కాదు, కోచ్ కూడా. ఆయనా, అన్నలూ ఆమెతోపాటు పరుగెత్తేవారు.

బూట్లు విసిరేసిన రోజు

1978కల్లా పరుగు పందాలకి స్వస్తి చెప్పాలనుకుంది గ్రేటె. మానేసేముందు ఓసారి న్యూయార్క్ చూసొద్దామని జాక్ ఆశపెట్టాడు. అక్కడి మారథాన్ నిర్వాహకుడు ఫ్రెడ్ లీబో ఆమెను పిలిచింది గెలుస్తుందని కాదు, మొదట్లో వేగంగా పరుగెత్తి మిగతావాళ్లని ఉరికించడానికి. అంతకుముందు ఆమె ఒక్క మారథాన్ కూడా పరుగెత్తలేదు. 42 కిలోమీటర్ల దూరంలో సగానికి మించి సాధన చేసిందీ లేదు.

అక్కడ గుర్తులన్నీ మైళ్లలో ఉన్నాయి. కిలోమీటర్లకి అలవాటుపడిన మనిషికి ఇంకెంత దూరముందో అంతుపట్టలేదు. తొడలు పట్టేశాయి. ఈ పనికి తెచ్చినందుకు జాక్‌ని తిట్టుకుంటూనే పరుగెత్తింది. చివరి గీత దాటాక మొట్టమొదట చేసిన పని బూట్లు విప్పి మొగుడి మీదికి విసరడం! ఇంకెప్పుడూ ఇలాంటి పరుగు జోలికి రానని ఒట్టు కూడా పెట్టుకుంది.

తీరా చూస్తే 2 గంటల 32 నిమిషాల 30 సెకన్లు. అంతవరకు ప్రపంచంలో ఏ మహిళా సాధించని సమయం. పాత రికార్డు రెండు నిమిషాలకు పైగా వెనకబడిపోయింది. ఒట్టు గట్టున పెట్టి మరుసటి ఏడాదే మళ్లీ వచ్చింది. ఈసారి రెండున్నర గంటల లోపే ముగించింది. 1978 నుంచి 1988 లోపు న్యూయార్క్ మారథాన్‌ని తొమ్మిదిసార్లు గెలిచింది.

ఆడవాళ్ల ఒంటికి ఇంత దూరం తగదన్న వాదనకి ఆమె నోటితో జవాబు చెప్పలేదు. 1983లో హెల్సింకీ ప్రపంచ పోటీల్లో మహిళల మారథాన్‌ని తొలిసారి పెడితే స్వర్ణం ఆమెదే. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకి మారథాన్ వచ్చింది. మన పి.టి.ఉష సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకున్నది ఆ ఒలింపిక్స్‌లోనే. అక్కడ అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్ ముందే దూసుకుపోవడంతో గ్రేటెకి రజతం దక్కింది.

గెలుపు తర్వాత

అదే ఏడాది ఓస్లోలో ఆడవాళ్ల కోసమే ఒక పరుగు మొదలైంది. గ్రేటె పేరు మీదే. పతకాలతో సంబంధం లేని గృహిణులు, ఉద్యోగినులు వేలమంది అందులో పరుగెత్తారు. 1992లో మెదడు క్యాన్సర్‌తో బాధపడుతున్న ఫ్రెడ్ లీబో చివరిసారి మారథాన్ చెయ్యాలనుకుంటే పక్కనే నడిచింది, పరుగెత్తింది. అయిదున్నర గంటలు పట్టింది. గెలుపుల్లో ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి ఆ రోజు ఏడ్చేసింది.

2005లో ఆమెకే క్యాన్సర్ అని తేలింది. వైద్యం సాగుతుండగానే 2007లో ఒక సంస్థను స్థాపించి, ఆస్పత్రుల్లో క్యాన్సర్ రోగుల కోసం వ్యాయామశాలలు పెట్టించింది. 2011 ఏప్రిల్ 19న, 57 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ప్రభుత్వ ఖర్చుతో అంత్యక్రియలు జరిపి నార్వే ఆమెను గౌరవించింది.

ఇక మన సంగతి

మనమెవరం మారథాన్లు గెలవక్కర్లేదు. ఒక్క లావుపాటి స్వెటరు కన్నా రెండు మూడు పల్చటి పొరలు మేలు. ఒళ్లు వేడెక్కాక ఒకటి తీసి నడుముకి కట్టుకోవచ్చు. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి మొదటి పది నిమిషాలు నడకే. చల్లగాలి గొంతుకి తగలకుండా చున్నీ అడ్డం పెట్టుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే బయల్దేరాలి. చీకట్లో లేతరంగు బట్టలు, తోడుగా పక్కింటి వదిన ఉంటే మరీ మంచిది. ఇద్దరైతే కుక్కల భయమూ తగ్గుతుంది, చూపుల బెదురూ తగ్గుతుంది.

ఇంకొక్క మాట, ఇది ఇంట్లోని మగవాళ్లకి. చీకట్లో గ్రేటె పక్కన జాక్ పరుగెత్తాడు. మీరు అంత దూరం రానక్కర్లేదు. ఆ అరగంట స్టవ్ దగ్గర నిలబడి ఇడ్లీ పాత్ర దించండి చాలు.