ఆస్తి వదిలి జనంలోకి – పుచ్చలపల్లి సుందరయ్య

మన సూళ్లూరుపేటను 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మాటలోనూ వరి మళ్ళలోనూ మనం నెల్లూరోళ్ళమే. అందుకే ఈ సంచికలో మన నెల్లూరు సీమలో పుట్టిన ఒక పెద్దాయన గురించి రాయాలనుకున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు మా ఊళ్ళో సర్పంచ్ పదవికి వేలం పాట పెట్టారు. ఎక్కువకు పాడినవాళ్ళకే పదవి. ఆ డబ్బు గుడికి. ఎన్నికల గొడవ తప్పింది, గుడికి ప్రహరీ వచ్చింది, పేరుకు ఏకగ్రీవం. మా నాయన చిన్న రైతు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. బడి పిల్లాణ్ణి కాబట్టి నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. కాలేజీకి వచ్చి సుందరయ్యగారి జీవితం చదివాకే అది మనసులో ముల్లులా గుచ్చుకుంది.

సుందరయ్యగారు 1913 మే 1న కోవూరు తాలూకా అలగానిపాడులో కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆరేళ్ళప్పుడే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. చదువు వదిలేసి అందులో దూకారు. వయసు చిన్నదని జైలుకు బదులు బోర్‌స్టల్ స్కూలులో పెట్టారు. అప్పటికాయనకు పదిహేడేళ్ళు. మనకంటే చిన్నవాడన్నమాట!

తర్వాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. పేరు చివర కులం తోక తీసేశారు. సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఇది అనుకున్నంత సులువు కాదు. భూమి ఉన్న ఇంటి పిల్లవాడు కూలీల పక్కన నిలబడితే ఎదురుగా నిలిచేది తనవాళ్ళే కదా! 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు సంయుక్త కార్యదర్శుల్లో ఒకరయ్యారు. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. ప్రజాజీవితానికి అడ్డు కాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు.

ఆయన పేరు చెబితే తెలంగాణ సాయుధ పోరాటం గుర్తుకొస్తుంది. ఆ పోరాటం మీద 1972లో ఆయన రాసిన పుస్తకంలో, విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కడి చేతిలోనే 40 వేల ఎకరాలు ఉండేవని లెక్క చెప్పారు. భూమి ఎవడిదో తీర్పూ వాడిదే, వెట్టి ఎవరు చేయాలో చెప్పేదీ వాడే. సుమారు 3 వేల గ్రామాల్లో జనం కమిటీలు వేసుకుని పది లక్షల ఎకరాలు పంచుకున్నారని అదే పుస్తకం చెబుతుంది. తుపాకీ దారి గురించి నాకు సందేహాలున్నాయి. వేలమంది ప్రాణాలు పోయాయి. కానీ ఓటు హక్కే లేని చోట, గడీ ముందు చెప్పులు విప్పి నడవాల్సిన చోట, మనిషి ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 1952లో సుందరయ్యగారు మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళారు. నిన్నటిదాకా అజ్ఞాతంలో తిరిగిన మనిషి ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు! 1955, 1962, 1978లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. సభలో నదీజలాల మీద, సాగునీటి మీద లెక్కలతో సహా మాట్లాడేవారు. 1964లో సి.పి.ఎం. ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. సొంత పార్టీ పోకడ నచ్చనప్పుడు ఆ పదవినీ వదులుకున్నారు. 1985 మే 19న కన్నుమూశారు. హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో ఇప్పటికీ విద్యార్థులు కూర్చుని చదువుకుంటుంటారు.

ఆయన సిద్ధాంతం అందరికీ నచ్చాలని నేను అనను. మన క్లాసులోనే దీని మీద పోట్లాడుకునేవాళ్ళున్నారు. ఒక్కటి మాత్రం ఆలోచించండి. ఈనాడు మన రాష్ట్రంలో శాసనసభకు పోటీ చేసే అభ్యర్థి 40 లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టవచ్చని నిబంధనే ఒప్పుకుంటోంది. లెక్కల్లోకి రాని ఖర్చు సంగతి మనందరికీ తెలుసు. కూలికి పోయే మనిషి, రెండెకరాల రైతు ఆ మాట వినే పక్కకు తప్పుకుంటారు. సుందరయ్యగారు ఆస్తి ఉన్నవాడై ఉండి దాన్ని వదిలి జనంలోకి వచ్చారు. ఈనాడు జనంలోకి వచ్చి ఆస్తి సంపాదించేవాళ్ళే ఎక్కువ. పదవిని డబ్బుతో కొన్నవాడు మనకు జవాబు ఎందుకు చెబుతాడు? కొన్న సరుక్కి ఎవడైనా లాభమే చూస్తాడు.

మిత్రులారా! ఇప్పుడు నాకు ఓటుంది. మా ఊళ్ళో మళ్ళీ వేలం పెడితే, రచ్చబండ దగ్గర లేచి నిలబడి, ఇది ఎవరి పదవి, ఎవరు అమ్ముతున్నారు అని అడగాలనుకుంటున్నాను. భయం లేదని చెప్పను. ఈ మాట మొన్న సెలవుల్లో మా నాయనతో అంటే, ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నువ్వు లేస్తే నేనూ లేస్తాలేరా అన్నాడు.