ఆండ్రే సిట్రోయెన్ : ముందు చక్రముల కారు

ఎద్దుబండిని ఎరుగనివారు మనలో లేరు. ఎద్దులు ముందు నడచుచు బండిని లాగుకొని పోవును. తోపుడుబండినో, వర్తకుడు వెనుక నిలిచి నెట్టును. రెండును సాగునవియే, కాని బురదలోను, మలుపులోను వాని నడకయందలి భేదము తెలిసిపోవును. మోటారు కారులలోను ఇట్టి భేదమే కలదు. కొన్నింటియందు యంత్రబలము వెనుక చక్రములకు చేరి బండిని నెట్టును. మరికొన్నింటియందు ముందు చక్రములకు చేరి లాగును. ఈ రెండవ తెగ కారును లక్షలకొలది తయారు కాదగిన వస్తువుగా చేసి, ఆ యత్నములోనే తన సర్వస్వమును పోగొట్టుకొనిన ఫ్రాన్సు దేశస్థుడగు ఆండ్రే సిట్రోయెన్ చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇతడు 1878వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి హాలెండు దేశమునుండి వచ్చి వజ్రముల వర్తకము చేయుచుండిన యూదుడు. తల్లి వార్సా నగరపు ఆడబడుచు. ఐదుగురు బిడ్డలలో ఆండ్రే కడపటివాడు. ఇతనికి ఆరేండ్లు నిండిన కొలది కాలమునకే, 1884లో, తండ్రి గతించెను. తల్లి ఆ కుటుంబ భారమును తానే వహించి బిడ్డలను పెంచెను. బాలుడు పదునొకండవ యేట నుండగా, 1889లో, ఈఫెలు గోపురము పూర్తియై లోకమునకు చూపబడెను. ఇనుమును లెక్కప్రకారము కూర్చినచో ఎంతటి ఎత్తైనను నిలుచునని ఆ గోపురము చాటుచుండెను. జూల్ వెర్న్ వ్రాసిన కథలును ఇతని మనస్సును ఆకర్షించెను. ఇంజనీరు కావలెనను కోరిక అప్పుడే మొలకెత్తి, తుదకు ఇతనిని పారిస్‌లోని ప్రసిద్ధమగు ఎకోల్ పాలిటెక్నిక్ విద్యాలయమునకు చేర్చెను.

1900 ప్రాంతమున ఇతడు తల్లి పుట్టినింటివారిని చూచుటకు పోలండునకు వెళ్లెను. అచ్చట పండ్లు తిన్నగా నుండక, బాణపు మొనవలె కోణముగా తీర్చబడిన ఒక విధమగు పళ్లచక్రమును గాంచెను. అట్టి చక్రములు రెండు కలిసి తిరుగునపుడు చప్పుడు తక్కువ, పట్టు ఎక్కువ. దాని హక్కును కొని, పారిస్‌లో ఉక్కుతో వానిని చేయించి అమ్మెను. నేటికిని సిట్రోయెన్ కారుల ముందు భాగమున కానవచ్చు రెండు కోణపు గీతలు ఆ పళ్లచక్రముల గురుతులే. 1908లో మోర్స్ అను మోటారు కార్ఖానా యొక్క భారము ఇతనికి లభించెను. క్షీణదశలోనుండిన ఆ కార్ఖానా ఇతని చేతిలో మరల కోలుకొనెను.

1914లో యుద్ధము వచ్చెను. ఫిరంగిదళమున పనిచేయుచు, గుండ్లు చాలక సైనికులు పడుచున్న బాధను ఇతడు కన్నులార చూచెను. 1915లో సీన్ నదీతీరమున జావెల్ అను చోట కార్ఖానా నిర్మించి, గుండ్లను విస్తారముగా తయారు చేయించెను. అందు స్త్రీలు అనేకులు పనిచేసిరి. యుద్ధము ముగియగా ఆ కార్ఖానాయే కారుల కార్ఖానా ఆయెను. 1919లో వెలువడిన ఇతని మొదటి కారు, అమెరికాలో ఫోర్డు నడపిన పద్ధతిని యూరపు ఖండమున స్థాపించెను. ఒక్కొక్క కారును వేరువేరుగా చేయుటకు మారుగా, ఒకే తీరువానిని వరుసగా వేలకొలది చేయుటయే ఆ పద్ధతి.

ప్రచారమునందు ఇతనికి సాటివారు అరుదు. 1925 మొదలు 1934 వరకు ఈఫెలు గోపురముపై సుమారు 2,50,000 విద్యుద్దీపములతో తన పేరు వెలిగించెను. వెనుక చక్రములకు మారుగా పట్టాలు అమర్చిన బండ్లను సహారా ఎడారి దాటించెను. 1931లో బేరూతునుండి బయలుదేరిన అట్టి దండు మన కాశ్మీరములోని శ్రీనగరము మీదుగా గిల్గిటు చేరి, కొన్నిచోట్ల బండ్లను విడదీసి మోయించుకొని హిమాలయములను దాటెను. దానివారు 1932లో పెకింగ్ నగరమును చేరిరి.

ఇంతటివానికి తృప్తి కలుగవలసినది; కాని కలుగలేదు. ఆ కాలపు కారులలో అత్యధికము వెనుక చక్రములవి. యంత్రము ముందుండును, దాని బలమును వెనుకకు కొనిపోవుటకు కారు పొడుగునను ఒక ఉక్కు కడ్డీ తిరుగుచుండును. ఆ కడ్డీకి చోటిచ్చుటకై నేల భాగమును ఎత్తుగా కట్టవలెను. నేల ఎత్తైనచో కారును ఎత్తే. ఎత్తైన కారు మలుపులో ఒరుగును. జారుడు దారిని మలుపు తిరుగునపుడు చోదకుడు యంత్రబలమును మితిమీరి ఇచ్చెనా, వెనుక చక్రములు పట్టుతప్పి ప్రక్కకు జారును. కారు తోక తిప్పును. నేర్పరి చక్రమును ఎదురు త్రిప్పి సరిదిద్దుకొనగలడు, సామాన్యుడు బెదరిపోవును.

ముందు చక్రముల కారులో ఆ పొడుగు కడ్డీ అక్కరలేదు. నేల క్రిందికి దిగును. యంత్రభారములో పెద్దపాలు, లాగుచున్న చక్రముల మీదనే యుండుటచే వాన కురిసిన దారినిగూడ పట్టు చిక్కును. మలుపులో బలము ఎక్కువైనచో కారు ముక్కు మలుపునకు వెలుపలి వైపునకు పోజూచును. చోదకుడు మెల్లగా బలము తగ్గించినచో సాధారణముగా తిరిగి దారికి వచ్చును. కాని లోపములును లేకపోలేదు. దారి మళ్లించుట, బండిని లాగుట అను రెండు పనులు ఆ రెండు చక్రములమీదనే పడును. బరువెత్తి నిట్టమైన మెట్ట ఎక్కునపుడు భారము వెనుకకు ఒరుగుటచే ముందు చక్రముల పట్టు సడలును. అట్టియెడ వెనుక చక్రముల బండియే మేలు. ఇక బ్రేకులు నాలుగు చక్రములను పట్టును గనుక, ఆగుటయందు ఈ తెగకు ఆ తెగకు స్వతస్సిద్ధమైన ఆధిక్యము లేదు.

ముందు చక్రములకు బలమిచ్చుట సిట్రోయెన్ కనిపెట్టినది కాదు. ఫ్రాన్సులో గ్రెగ్వార్ అను ఇంజనీరును, అమెరికాలో 1929లో కార్డ్ కంపెనీయును, జర్మనీలో 1931లో డీకేడబ్ల్యూ కంపెనీయును అట్టి కారులను చేసియుండిరి. దానిని కుటుంబముల కారుగా, విస్తారమైన సంఖ్యలో చేయవలెనని సిట్రోయెన్ సంకల్పించెను. ఆంద్రే లెఫెబ్వ్ర్ అను ఇంజనీరు యంత్రరచనకును, ఫ్లామినియో బెర్టోని అను శిల్పి రూపరచనకును పూనుకొనిరి. ట్రాక్షన్ అవాన్ అను పేర ప్రసిద్ధమైన ఆ కారు 1934వ సంవత్సరము వసంతమున ప్రజల ఎదుటికి వచ్చెను. వేరు చట్రము లేక ఉక్కు దేహమే చట్రముగా నిలుచుట, ద్రవపు ఒత్తిడితో పనిచేయు బ్రేకులు, ఒకదానితో నొకటి సంబంధము లేక కదలు ముందు చక్రములు, ఇవన్నియు ఆ ఒక్క కారులో కూడెను. అది నేలకు దగ్గరగా నుండుటచే ఎక్కుటకు మెట్టు పలక కూడ అవసరము లేకపోయెను.

అయితే చెప్పినంత సులభముగా పని నెరవేరలేదు. దారి మళ్లించు చక్రమునకే బలమును అందింపవలెనన్నచో, చక్రము ఏ వైపునకు తిరిగియున్నను తడబడక త్రిప్పగల కీలు కావలెను. మొదటి కారులలో ఈ కీళ్లు త్వరత్వరగా అరిగి చెడెను. కొన్నవారు కష్టపడిరి. తనంతట తానే గేరు మార్చుకొను యంత్రమును అమర్చవలెనని తలంచి, అది పరీక్షలలో నిలువకపోగా కడపటి దినములలో సామాన్యమైన గేరుపెట్టెను సిద్ధపరచవలసివచ్చెను. 1933లో జావెల్ కార్ఖానాను కొత్తగా కట్టించుటకు చేసిన అప్పు అదివరకే మోయరానిదై యుండెను. దేశమంతట వర్తకము మందగించిన కాలమది. కారును మరి యొక యేడు పరీక్షించియుండిన కీళ్లు గట్టిపడియుండును. కాని అప్పులవారు ఆ యేడు ఆగరు. ఆ చిక్కులో ఇతడు తొందరపడెను.

1934 డిశంబరులో కంపెనీ దివాలా స్థితికి వచ్చెను. అప్పిచ్చినవారిలో ముఖ్యులగు మిషెలిన్ టైర్ల కంపెనీవారు దానిని వశపరచుకొనిరి. తాను కట్టిన కార్ఖానాపై ఇతనికి అధికారము లేకుండ పోయెను. కడుపులో పుట్టిన రాచపుండు అప్పటికే ప్రాణాంతకమై యుండెను. 1935 జూలై 3వ తేదీన, ఏబదియేడవ యేట, ఆండ్రే సిట్రోయెన్ పారిస్‌లో మరణించెను.

ఇతని కారు మాత్రము మరణింపలేదు. కొత్త యజమానులు కీళ్లను, తక్కిన లోపములను ఒక్కొక్కటిగా సవరించిరి. ఆ కారు 1957 వరకు తయారగుచు వచ్చెను. మొత్తము సంఖ్య 7,50,000కు మించెను. 1959లో ఇంగ్లండున ఇస్సిగోనిస్ రచించిన మినీ కారు యంత్రమును అడ్డముగా అమర్చి, చిన్న కారులకు ముందు చక్రములే తగునని స్థాపించెను. మన దేశమున తరతరముల వారిని మోసి 2014లో నిలిచిపోయిన అంబాసిడరు వెనుక చక్రములది. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రములది. నేడు మన వీధులలో తిరుగు చిన్న కారులు మిక్కిలిగా ఈ తెగవే. బరువు లాగు లారీలు, పెద్ద బస్సులు వెనుక చక్రములవి. ఎవరి పనికి తగినది వారికి మేలు. ఏ తెగదైనను అరిగిన టైర్లతోను, మితిమీరిన వేగముతోను నడచిన కారు క్షేమము కాదు.

బాలబాలికలారా, ఈ చరిత్రమునుండి రెండు సంగతులు గ్రహింపుడు. మంచి ఆలోచనకు ధైర్యము వలె ఓర్పును అవసరము. పరీక్షకు నిలువని పని ఎంత గొప్పదైనను పరుల చేతికి అందింపరాదు. మరియు, ఒకని ఓటమి అతని పనికి ఓటమి కానేరదు. సిట్రోయెన్ కార్ఖానా నిలిచిన ఆ చోట నేడు అతని పేరిట ఉద్యానవనము గలదు. 1958లో ఆ నదీతీరపు వీధికిని అతని పేరే పెట్టిరి. అతడు ముందు చక్రములపై ఉంచిన నమ్మకమో, లోకమందలి వీధులన్నింట నడచుచున్నది.