నల్లమల దాటిన వీరాస్వామయ్య



సెలవులు రాగానే మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లల్లో చాలామందికి ముందుగా గుర్తొచ్చే ఊరు శ్రీశైలం. పొద్దున్నే కారెక్కితే మధ్యాహ్నానికల్లా చేరిపోతాం. కానీ మన్ననూరు చెక్‌పోస్టు దాటాక వచ్చేది మామూలు రోడ్డు కాదు. అది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, జింకలు ఉండే చోటు. వెనక సీట్లో పిల్లలు ఫోన్ చూస్తూ ఉండగానే అదంతా దాటిపోతుంది. అందుకే ఈ నెల మీకు నల్లమలను కళ్లు తెరిచి దాటిన ఒక తెలుగు యాత్రికుడి గురించి చెప్పాలనుకున్నాను. ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి.

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. సుమారు 1780 ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆడుకునే వయసులోనే కచేరీలో పని నేర్చుకోవలసి వచ్చింది. ఇంగ్లిష్ పట్టుదలగా నేర్చుకున్నారు. తెలుగు, తమిళం సరే సరి. అలా ఎదిగి ఎదిగి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. అంటే, సాక్షి చెప్పింది జడ్జికి అర్థమయ్యేలా, జడ్జి అడిగింది సాక్షికి అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగం. ఒక్క మాట తప్పు విన్నా మనిషి జీవితం తారుమారవుతుంది. కాబట్టి జాగ్రత్తగా వినడం, చూసింది చూసినట్టు చెప్పడం ఆయనకు వృత్తిలోనే అలవాటైపోయింది.

1830 మే 18న కోర్టులో సెలవు తీసుకుని ఆయన కాశీకి బయల్దేరారు. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అప్పటికింకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది. దారిలో దొంగల భయం, జ్వరాల భయం, వాగులు పొంగితే రోజుల తరబడి ఆగిపోవాలి. ఆయన వెంట కుటుంబం, బోయీలు, నౌకర్లు అందరూ కలిసి సుమారు 100 మంది ఉన్నారు. వాళ్లందరి క్షేమం ఆయన బాధ్యత. పెద్ద గుంపుతో వెళ్లేవాడికి ధైర్యం ఒక్కటే ఉంటే చాలదు. రేపటి మజిలీలో నీళ్లున్నాయా, బియ్యం దొరుకుతుందా, తల దాచుకోవడానికి సత్రం ఉందా అన్నది ఇవాళే తెలియాలి.

తిరుపతి, కడప, అహోబిలం మీదుగా వచ్చి ఆయన నల్లమలలో అడుగుపెట్టారు. మనం వెళ్లేది మన్ననూరు వైపు నుంచి, ఆయన వెళ్లింది ఆత్మకూరు వైపు నుంచి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం ఎక్కే పాత యాత్రికుల దారి అది. రాళ్ల మెట్లు, నిటారు ఎక్కుడు, లోతైన లోయ. ఆ అడవిలో చెంచులు ఉన్నారు. ఏ మలుపులో ఏముందో, నీరు ఎక్కడుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దారి గురించి, అక్కడి మనుషుల గురించి, యాత్రికుల దగ్గర కందనూరు నవాబు వసూలు చేసే పన్ను గురించి కూడా వీరాస్వామయ్య రాసిపెట్టారు. దేవుణ్ణి చూడడానికి వెళ్లిన మనిషే, కానీ దారిని కూడా అంతే శ్రద్ధగా చూశారు.

అక్కడి నుంచి కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా మన హైదరాబాద్ వచ్చారు. హుస్సేన్ సాగర్, బేగంబజార్, ఒకప్పటి కోఠి విమెన్స్ కాలేజీ ఆవరణలో ఉన్న రెసిడెన్సీ, వీధుల్లో ఆయుధాలతో తిరిగే జనం, అన్నీ ఆయన డైరీలోకి ఎక్కాయి. తర్వాత నిర్మల్, నాగపూర్, జబల్పూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. తూర్పు తీరం వెంట తిరిగి 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం!

ఈ కాలమంతా ఏ రోజు మజిలీ ఆ రోజు రాసుకున్నారు. ఊరి నుంచి ఊరికి ఎంత దూరం, దారి బండికి పనికొస్తుందా, బావినీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, ఇవే ఎక్కువ. రాసినవి మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపేవారు. తర్వాత ఆ దారిన వెళ్లేవాళ్లు ఇబ్బంది పడకూడదన్న తపన ఆ పేజీల నిండా కనిపిస్తుంది. ఒక ఇంగ్లిష్ టీచర్‌గా నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆయనకు అన్నం పెట్టింది ఇంగ్లిష్. అయినా ఈ డైరీ మాత్రం తెలుగులో, మాట్లాడే మాటకు దగ్గరగా రాశారు.

తిరిగొచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. 1832-33 నందన కరువులో ఆకలితో మద్రాసు చేరినవాళ్లకు అన్నం పెట్టించారు. 1836లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1838లో, ఆ డైరీ 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చయింది. 1941లో దిగవల్లి వెంకట శివరావు గారు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఇప్పుడు మన ప్రయాణం సంగతి. ఆయన కాలంలో అడవి నుంచి మనిషికి భయం. ఇప్పుడు మన నుంచే అడవికి ఎక్కువ భయం. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఆ రోడ్డు మూసేస్తారు. చెక్‌పోస్టుకు ఆలస్యంగా చేరి గొడవపడే కంటే, ఇంటి నుంచి తెల్లారగానే బయల్దేరడం మేలు. పగలైనా నెమ్మదిగా నడపండి, హారన్ మోగించకండి. మలుపు అవతల జింక ఉండొచ్చు. కోతులకు చిప్స్ వేయకండి. పెట్టే చేతి కోసం అవి రోడ్డు మీదకొచ్చి చక్రాల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ నిషేధం కాబట్టి స్టీలు సీసాల్లో నీళ్లు నింపుకోండి. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకని టైర్లు, పెట్రోలు, మందులు ముందే చూసుకోండి. ఎండాకాలంలో ఒక్క అగ్గిపుల్ల చాలు, ఎండుగడ్డి అంటుకోవడానికి. ఫోటో కోసం కారు దిగి చెట్లలోకి వెళ్లకండి. ఫరహాబాద్ సఫారీకి వెళ్తే అటవీశాఖ వాళ్లు చెప్పినట్టు వినండి.

ఇంకొక్క పని. పిల్లల చేతికి చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా కనిపించిన చెట్లు, పక్షులు, వాగులు, ఊళ్ల పేర్లు, ఏ టైముకు ఎక్కడున్నారో రాయమనండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయమనండి. తెలిసినవాళ్లను అడగమనండి. వచ్చాక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్లి 'కాశీయాత్ర చరిత్ర' ఉందేమో వాకబు చేయించండి.

సెలవుల తర్వాత ఆ నోట్‌బుక్కులు స్కూలుకు పంపండి, అన్నీ చదువుతాను. ఇంగ్లిష్‌లో రాసినా, తెలుగులో రాసినా సరే.